శ్రీబాగ్ ఒడంబడిక – సామాజిక ఒడంబడిక సిద్ధాంతం: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికను రాయలసీమ చర్చల్లో ఎక్కువగా ‘నెరవేరని హామీ’గానే ప్రస్తావిస్తారు. అది ఏ కోవకు చెందిన ఒప్పందం, దానికి కట్టుబడవలసినది ఎవరు అన్న ప్రశ్నలపై తగినంత విచారణ జరగలేదు. హాబ్స్, లాక్, హ్యూమ్, రూసో, కాంట్‌ల ఆలోచనల వెలుగులో ఆ ఒడంబడికను పరిశీలించి, అది విఫలం కావడానికి నాయకుల మాట తప్పడం ఒక్కటే కారణం కాదని, దాని నిర్మాణంలోనే లోపం ఉందని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: సామాజిక ఒడంబడిక, సమ్మతి, సార్వభౌమత్వం, ప్రాతినిధ్యం, శ్రీబాగ్, రాయలసీమ, కోడుమూరు

1. ఉపోద్ఘాతం

రాజనీతిశాస్త్ర తరగతుల్లో సామాజిక ఒడంబడికను యూరపు చరిత్రలోని ఒక అధ్యాయంగా బోధించడం ఆనవాయితీ. హాబ్స్ 1651లో, లాక్ 1689లో, రూసో 1762లో ఏమన్నారో పోల్చి రాస్తే సమాధానం పూర్తయినట్టే. రాజ్యం లేని స్థితిని ఊహించి, అందులోంచి అధికారానికి న్యాయబద్ధతను రాబట్టే ఆలోచన మనకు కొత్తది కాదు. పెద్దచేప చిన్నచేపను మింగే మాత్స్యన్యాయానికి భయపడి ప్రజలు రాజును ఏర్పరచుకొని పంటలో ఆరో వంతు ఇచ్చారని అర్థశాస్త్రం చెబుతుంది. జనులందరి సమ్మతితో ఎన్నికైన ‘మహాసమ్మతుడి’ కథ దీఘనికాయంలో ఉంది. అయితే ఇవన్నీ ఊహాగాథలు. తేదీతో, షరతులతో, సంతకాలతో ఒక రాజకీయ సమాజపు పుట్టుకకు ముందే రాసుకున్న ఒడంబడిక తెలుగునాట ఉంది. సిద్ధాంతాన్ని పరీక్షించడానికి అది అరుదైన ఆధారం.

హంద్రీ పరీవాహకంలో, కర్నూలుకు నైరుతి దిశలో ఉన్న కోడుమూరు వంటి మెట్ట ప్రాంతం నుంచి చూసినప్పుడు ఈ పరీక్షకు పదును పెరుగుతుంది. ఒడంబడికలో ప్రధానాంశం నీరు. నీటి మాట నిలబడిందో లేదో మొదట తెలిసేది ఇటువంటి చోటనే.

2. ఒడంబడిక స్వరూపం

1800లో నిజాం కంపెనీకి ధారపోసిన జిల్లాలకు ‘దత్త మండలాలు’ అన్న పేరు వచ్చింది. ఆ పేరులోనే ఒక ఒప్పందం దాగి ఉంది. ఇద్దరు పాలకులు చేసుకున్న ఆ ఒప్పందంలో అక్కడి ప్రజలు పక్షం కారు, కేవలం వస్తువు. 1839 దాకా నవాబు ఏలుబడిలో ఉన్న కర్నూలును కంపెనీ ఆ ఏడు ఆక్రమించుకుంది. అక్కడ ఒప్పందం పేరైనా లేదు. 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అన్న పేరును స్వీకరించడాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. ఇతరులు దానం చేసిన భూభాగం తనను తాను ఒక పక్షంగా ప్రకటించుకున్న సందర్భమది.

ఆ పక్షం తొమ్మిదేళ్ల తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కోస్తా నాయకులతో సమానంగా కూర్చుంది. ఆంధ్ర రాష్ట్ర సాధనకు సీమ కలిసిరావాలంటే కొన్ని షరతులు అవసరమయ్యాయి. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం. తుంగభద్ర, కృష్ణ, పెన్నా జలాల్లో పదేళ్లపాటు, అవసరమైతే మరింత కాలం, సీమ, నెల్లూరు జిల్లాలు కోస్తా స్థాయికి చేరేదాకా ప్రాధాన్యం. శాసనసభలో సాధారణ స్థానాలను జిల్లాలకు సమానంగా పంచడం. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే అవకాశం సీమకు ఇవ్వడం. ఉమ్మడి సమ్మతితో ఈ షరతులను మార్చుకునే వీలు కూడా ఉంది.

పూఫెండార్ఫ్ 1672లో సమాజంగా కలిసే ఒప్పందాన్ని, పాలకుడికి లోబడే ఒప్పందాన్ని వేరుచేశాడు. ఆ విభజనలో శ్రీబాగ్ మొదటి రకానికి చెందుతుంది. పాలించే తీరును కాక, కలిసి ఉండటానికి ముందస్తు షరతులను అది నిర్ణయించింది.

3. తీర్పరి లేని మాట: హాబ్స్

అమలు చేయించే శక్తి వెనుక లేనప్పుడు ఒడంబడిక వట్టి మాటగానే మిగులుతుందన్నది హాబ్స్ ప్రసిద్ధ వాదం. శ్రీబాగ్‌కు దీన్ని అన్వయించి, ‘చట్టబద్ధత లేదు గనుక ఉల్లంఘన జరిగింది’ అని సరిపెట్టుకోవడం తేలిక. హాబ్స్‌లో ఇంతకంటే లోతైన అంశం మరొకటి ఉంది. అతని సార్వభౌముడు ఒడంబడికలోంచి పుడతాడే గాని ఒడంబడికలో పక్షం కాడు. పక్షం కానివాడు మాట తప్పాడనడానికి తావు లేదు.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం సరిగ్గా ఈ స్థితిలో ఉంది. ఒడంబడిక చేసుకున్నది నాయకులు. దాన్ని నెరవేర్చవలసినది అప్పటికి పుట్టని రాష్ట్రం. కర్నూలు రాజధాని అయింది, 1954లో గుంటూరులో హైకోర్టు వెలిసింది. ఈ ఒక్క షరతు నెరవేరింది గాని, దాన్ని నిలిపింది శాసనం కాదు, నాటి రాజకీయ అవసరం. 1956 నవంబరులో రాజధాని, హైకోర్టు రెండూ హైదరాబాదుకు వెళ్లినప్పుడు అడిగే వేదిక ఎక్కడా లేకపోయింది.

ఇక్కడ ఒక పోలిక ఉపకరిస్తుంది. తుంగభద్ర నీటి విషయంలో ఆంధ్ర, మైసూరు రాష్ట్రాల మధ్య వ్యవహారాలు చూడటానికి 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద తుంగభద్ర బోర్డు ఏర్పడింది. రెండు రాష్ట్రాల మధ్య నీటికి తీర్పరి ఉన్నాడు. ఒకే రాష్ట్రంలోని రెండు ప్రాంతాల మధ్య నీటి వాగ్దానానికి అటువంటివాడు లేడు. మద్రాసు ప్రభుత్వ కాలపు కృష్ణా–పెన్నార్ పథకం పక్కకు జరిగి, 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ నిర్ణయంలోని సాంకేతిక గుణదోషాలు వేరే చర్చ. అది శ్రీబాగ్ ప్రాధాన్య సూత్రానికి అనుగుణమా కాదా అని తేల్చే బాధ్యత ఎవరికీ లేకపోవడం మాత్రం సిద్ధాంతపరమైన లోపమే.

4. సమ్మతి, సంఖ్యాబలం: లాక్, హ్యూమ్

లాక్ దృష్టిలో ప్రభుత్వం ప్రజలు నమ్మి అప్పగించిన నిక్షేపం. నమ్మకం చెడితే దాన్ని వెనక్కు తీసుకునే హక్కు ప్రజలదే. శ్రీబాగ్‌ను సమర్థించేవారు తెలిసో తెలియకో ఈ భాషనే వాడతారు. కాని లాక్ సమాజంలో ఒకసారి చేరాక నిర్ణయం మెజారిటీది. సంఖ్యలో తక్కువగా ఉన్న ప్రాంతానికి అతని దగ్గర ప్రత్యేక రక్షణ లేదు. జిల్లాలకు సమాన స్థానాలన్న షరతు ఈ లోటును పూడ్చడానికే పుట్టింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 170వ అధికరణంలో నియోజకవర్గాల జనాభాకు, స్థానాలకు మధ్య నిష్పత్తి రాష్ట్రమంతటా సాధ్యమైనంత ఒకటిగా ఉండాలని నిర్దేశించింది. దాంతో ఆ షరతు అసాధ్యమైంది.

దీన్ని ద్రోహమనలేం. రెండు న్యాయసూత్రాలు ఢీకొన్న సందర్భమిది. ప్రతి ఓటుకు సమాన విలువ అన్నది వ్యక్తుల మధ్య న్యాయం. వెనుకబడిన ప్రాంతానికి ప్రత్యేక రక్షణ అన్నది సమూహాల మధ్య న్యాయం. మొదటిది వచ్చి రెండోదాన్ని తొలగించినప్పుడు, ఆ రక్షణను మరో రూపంలో ఇవ్వవలసిన బాధ్యత మిగిలే ఉంటుంది. ఆ మిగులును గుర్తించకపోవడమే అసలు తప్పిదం.

ఒక దేశంలో నివసించడమే పాలనకు అవ్యక్త సమ్మతి అన్నాడు లాక్. పరాయి భాష రాని, పూట గడవని పేద రైతుకు దేశం విడిచే స్వేచ్ఛ ఎక్కడిదని హ్యూమ్ 1748లో ప్రశ్నించాడు. కర్నూలు పడమటి మండలాల్లో ఈ ప్రశ్న తలకిందులుగా ఎదురవుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు ఇక్కడి కూలీలు ‘సుగ్గి’కి గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు వెళతారు. వాళ్లు ఊరు విడుస్తారు గాని ఒడంబడికను విడవలేరు. నీరు రాని పక్షం నుంచి నీరున్న పక్షానికి కూలికి వెళ్లడాన్ని ఏ రకమైన సమ్మతిగా లెక్కించాలి? ఉండటం సమ్మతి కాదని హ్యూమ్ చూపాడు. వెళ్లడం కూడా అసమ్మతిగా నమోదు కాదని సుగ్గిబాట చూపుతుంది.

5. పక్షాలెవరు: రూసో, తదనంతర విమర్శ

అసమానతపై 1755లో రాసిన గ్రంథంలో రూసో, బలహీనులను కాపాడే నెపంతో సంపన్నులు ప్రతిపాదించిన ఒప్పందమే మొదటి రాజకీయ ఒడంబడిక అన్నాడు. శ్రీబాగ్‌ను పెద్దల బేరంగా కొట్టిపారేసేవారికి ఈ వాదం అక్కరకొస్తుంది. అందులో నిజం లేకపోలేదు. 1937లో ఓటుహక్కు ఆస్తి, చదువు వంటి అర్హతలకు కట్టుబడి ఉంది. సంతకాలు చేసినవారిలో స్త్రీలు లేరు. ఒడంబడిక సిద్ధాంతం స్త్రీలను ఎలా బయట నిలిపిందో కెరోల్ పేట్‌మన్ 1988లో, జాతి ప్రాతిపదికన ఎవరిని మినహాయించిందో చార్లెస్ మిల్స్ 1997లో చూపారు. ఆ వరుసలో మన ప్రశ్న ఇది: నేడు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయిన నియోజకవర్గం కోడుమూరు. అక్కడి భూమిలేని కూలీ తరఫున శ్రీబాగ్‌లో మాట్లాడినదెవరు?

ప్రాతినిధ్య సమస్య 1956లో మరింత స్పష్టమైంది. ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై ఆంధ్ర పక్షాన సంతకం చేసినవారిలో అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి ఉన్నారు. సీమ మనిషి అక్కడున్నాడు, సీమ పక్షంగా మాత్రం లేదు. పక్షాలు ‘ఆంధ్ర’, ‘తెలంగాణ’లుగా మారగానే 1937 నాటి పక్షం కనుమరుగైంది. పాత షరతులను మార్చడానికి ఉమ్మడి సమ్మతి కావాలన్న నిబంధన ఉన్నా, సమ్మతిని అడగవలసిన పక్షమే అప్పటికి పటంలో లేదు.

అయినా రూసో విమర్శతో శ్రీబాగ్ విలువ పూర్తిగా చెరిగిపోదు. పెద్దల బేరమే అయినా అందులో ‘కోస్తా స్థాయికి చేరేదాకా’ అన్న మాట ఉంది. ఆ మాట గడువును కాలంతో కాక సమానత్వంతో కొలిచింది. మనుషులంతా సమాన షరతులపై కలవాలన్న రూసో 1762 నాటి ఆదర్శానికి ఇది దగ్గరి మాట. కాని ఆ స్థాయిని దేనితో కొలవాలో చెప్పలేదు. సాగునీటి విస్తీర్ణమా, ఆదాయమా, వలస తగ్గడమా? కొలమానం లేనందున పదేళ్లే గడువని ఒకరు, గడువు ఇంకా తీరలేదని మరొకరు వాదించే వీలు మిగిలింది. పైగా ప్రాంతానికి నీరు వచ్చినంత మాత్రాన అది కూలీకి చేరదు. కాలువ కింద పొలమున్నవారికే నీటి వాటా. ప్రాంతాల మధ్య ఒడంబడిక ప్రాంతంలోపలి అసమానతను తాకలేదు.

6. ఒక అభ్యంతరం

ఎన్నడో కుదిరిన ఒప్పందం నేటి తరాన్ని ఎందుకు బంధించాలి అన్నది సహజమైన ప్రశ్న. ఒడంబడిక చారిత్రక ఘటన కానవసరం లేదని, ఒక శాసనానికి ప్రజలంతా సమ్మతించడం సాధ్యమేనా అని పరీక్షించే బుద్ధిపరమైన గీటురాయి అని 1793లో కాంట్ వివరించాడు. ఈ దృష్టితో చూస్తే శ్రీబాగ్ బలం దాని సంతకాల్లో లేదు. తనకు నీటి హామీ, అధికారంలో వాటా లేని ఐక్యతకు ఒక మెట్ట ప్రాంతం సమ్మతించగలదా అన్న ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్నకు కాలదోషం పట్టదు. కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొన్న 2020 నాటి చట్టం, 2021లో దాని రద్దు, రెంటి సందర్భంలోనూ శ్రీబాగ్ పేరు మళ్లీ వినిపించడానికి కారణమిదే. అయితే రెండు సందర్భాల్లోనూ చర్చ భవనాల చుట్టూ తిరిగింది. ఒడంబడికలోని నీటి షరతు, సమానస్థాయి షరతు వెనక్కు పోయాయి.

7. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

• శ్రీబాగ్ వైఫల్యానికి తొలి కారణం నిర్మాణపరమైనది. నెరవేర్చవలసిన రాష్ట్రం పక్షం కాదు, తీర్పరి లేడు, కొలమానం లేదు.

• లాక్ చెప్పిన మెజారిటీ సూత్రం ప్రాంతీయ అల్పసంఖ్యాకులకు రక్షణ ఇవ్వలేదు. వ్యక్తి సమానత్వం వల్ల తొలగిన రక్షణకు ప్రత్యామ్నాయం చూపవలసిన బాధ్యత ఇంకా ఉంది.

• వలసను సమ్మతిగా గాని అసమ్మతిగా గాని లెక్కించే పరికరం సంప్రదాయ ఒడంబడిక సిద్ధాంతంలో లేదు. రాయలసీమ అనుభవం ఆ సిద్ధాంతానికి చేర్చగల అంశమిది.

• ప్రాంతాన్ని ఒకే పక్షంగా భావించే ఏ ఒడంబడికైనా దానిలోని భూమిలేనివారిని, స్త్రీలను వెలుపలే ఉంచుతుంది.

శ్రీబాగ్‌ను స్మరించడం వేరు, చదవడం వేరు. స్మరణ ఫిర్యాదుతో ఆగుతుంది. చదివితే, మరో ఒడంబడిక రాసుకోవలసి వచ్చినప్పుడు పక్షాలెవరు, తీర్పరి ఎవరు, కొలమానమేది అన్న మూడు ప్రశ్నలు ముందే అడగవలసి వస్తుంది. ఆ మూడింటికీ కోడుమూరు కూలీ వైపు నుంచి జవాబు దొరికేదాకా సామాజిక ఒడంబడిక మనకు పరీక్షలో రాసే సమాధానంగానే మిగిలిపోతుంది.