నిచ్చెన ఒక్కటే ఎందుకు?

కొత్తగా ఫాంటసీ రాస్తున్న కుర్రాళ్ళు చదవమని పంపే రాతప్రతుల్లో కథకంటే ముందు ఒక పట్టిక ఉంటోంది. శిష్యుడు, ఉపపూజారి, పూజారి, ప్రధాన పూజారి, మహాపూజారి. ఒక్కో మెట్టుకి ఒక్కో అంగీ రంగు. దేవుళ్ళు మాత్రం డజనుమంది. అందరికీ కలిపి నిచ్చెన ఒక్కటే! పోలీసు శాఖ ప్రమోషన్ల జాబితా చదివినట్టుంటుంది నాకు.

ఈ నిచ్చెన ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. పోప్, కార్డినల్, బిషప్ వరసకి రంగులు మార్చి పాశ్చాత్య నవలలు, వీడియో గేములు ఎప్పటినుంచో వాడుకుంటున్నాయి. ఒక్క దేవుణ్ణి కొలిచే వ్యవస్థకి ఆ వరస సరిపోయింది. దేవుళ్ళు అనేకమంది ఉన్నచోట ఎవరి కొలువు వాళ్ళది, ఎవరి మనుషులు వాళ్ళవాళ్ళు.

ప్రాచీన రోమ్‌నే తీసుకోండి. శకునాలు చూసే ఆగర్లు వేరు, ఆచారాల మంచిచెడ్డలు తేల్చే పాంటిఫ్‌లు వేరు, ఒక్కో దేవుడికి కట్టుబడిన ఫ్లామెన్లు వేరు. ఫ్లామెన్లు 15 మంది. వాళ్ళలో జూపిటర్ ఫ్లామెన్ బతుకు చూడండి: గుర్రమెక్కకూడదు, ఒంటిమీది బట్టకి ఎక్కడా ముడి ఉండకూడదు, మేకని ముట్టుకోకూడదు సరికదా దాని పేరు కూడా ఎత్తకూడదు. బారులు తీరిన సైన్యం కంటబడకూడదు. కుర్రతనంలో జూలియస్ సీజర్‌ని ఈ పదవికే అనుకున్నారు. రాజకీయాలు అడ్డుపడి అది తప్పిపోయింది. లేకపోతే గాల్ దండయాత్ర ఎక్కడిది? అదే సీజర్ క్రీ.పూ. 63లో ఓట్లతో గెలిచి పాంటిఫెక్స్ మాక్సిమస్ అయ్యాడు, ఆ పదవి చేతిలో ఉండగానే యుద్ధాలూ చేశాడు. ఒక పూజారికి సైన్యాన్ని చూడడమే నిషేధం, ఇంకో పూజారి సేనాని. వీళ్ళిద్దరిలో పై మెట్టు ఎవరిది? ఆ ప్రశ్నకి పట్టికలో జవాబు దొరకదు.

రోమ్ దాకా వెళ్ళక్కర్లేదనే వాళ్ళకి తిరుమల ఉంది. సుప్రభాతవేళ బంగారువాకిలి తలుపులు తీసి స్వామి మొదటి దర్శనం అందుకునేది అర్చకుడు కాదు, సన్నిధి గొల్ల. పూజ వైఖానస అర్చకులది. జీయంగార్ల బాధ్యతలు వేరు, ప్రసాదాలు వండే పోటువాళ్ళ పని వేరు. ఇక మిరాశీల గొడవ చూడండి. వంశపారంపర్య హక్కుల్ని 1987 చట్టం రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. తలుపు ఎవరు తీయాలి, నైవేద్యంలో ఎవరి వాటా ఎంత, కొడుక్కి ఏ హక్కు దక్కుతుంది: కథ పుట్టేది ఇక్కడ. అంగీ రంగులో ఏముంది?

కల్పిత లోకంలో ఈ కిటుకు నాకు తెలిసి అందరికంటే బాగా పట్టుకున్నది లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్. 2001లో వచ్చిన ఆమె నవల ‘ద కర్స్ ఆఫ్ చాలియన్’లో ఐదుగురు దేవుళ్ళు. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు తలొక ఋతువు పంచుకోగా, పెళ్ళికి అవతల పుట్టిన ఐదోవాడికి అకాలంలో వచ్చేవన్నీ మిగిలాయి. పొరుగున ఉన్న రోక్నారీలు అతన్ని దేవుడిగానే ఒప్పుకోరు. ఎవరి శాఖ పని వాళ్ళది: తల్లి శాఖ వైద్యం, మంత్రసానితనం చూస్తుంది, అనాథ పిల్లలు ఐదోవాడి శాఖకి చేరతారు. ఎవరైనా చనిపోతే శాఖకొకటి చొప్పున శవం దగ్గరికి పవిత్ర జంతువుల్ని తెస్తారు. వాటి తీరుని బట్టి ఆ ఆత్మని ఏ దేవుడు తీసుకున్నాడో చెబుతారు. మరి ఆ జంతువుని సాకేవాడు, పట్టుకొచ్చేవాడు ఉండాలిగా? ఉన్నాడు. అదీ ఆలయంలో ఒక హోదాయే. పని ముందు పుట్టింది, పదవి తర్వాత వచ్చింది.

దివ్యులు, ప్రధాన దివ్యులు అనే మెట్లు ఆమె దగ్గరా ఉన్నాయి. కానీ దేవుడు నేరుగా ఎవరి ద్వారా పనిచేస్తాడో ఆ మనిషికి మెట్టుతో పనిలేదు. రాజుగారి జంతుశాలలో ఎలుగుబంట్లని చూసుకునే ఉమెగాట్ అలాంటివాడే. ప్రధాన దివ్యుడంతటి వాడు ఆ పనివాడి మాటకి చెవి ఒగ్గాలి. నవల మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ తలకిందులు.

జార్జ్ మార్టిన్ నవలల్లోని ఏడు ముఖాల మతంలో నిచ్చెన మామూలుదే, చర్చి వాసన గట్టిగానే కొడుతుంది. అయినా చదువురాని తాపీమేస్త్రీని, అతను పోయాక ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి పీఠమెక్కించే రాజు కథ చెప్పి, ఆ నిచ్చెనని ఆయనే ఊపేశాడు. తప్పించుకునే దారి అదొకటి.

బుజోల్డ్‌ని చదవాలనుకునేవాళ్ళు ‘చాలియన్’తోనే మొదలుపెట్టండి. 2004లో హ్యూగో అందుకున్నది ఈ వరసలో రెండో నవల ‘పాలడిన్ ఆఫ్ సోల్స్’. అయినా ముందు నవల చదవకపోతే అందులో కథానాయిక ఇస్టాకి దేవుళ్ళంటే అంత కోపం ఎందుకో సగమే అర్థమవుతుంది.