ఇంపాలా గోత్రము

పెండ్లిసంబంధములు కుదుర్చు పేరయ్యకు పిల్లవాని రూపము తరువాతి మాట. ఇంటిపేరు, గోత్రము, మేనమామల ఊరు ముందుగా తెలియవలెను. అమెరికాలో ఏబదేండ్లకు చేరువైన పెద్ద సెడాన్ కారును నేటికిని రోడ్డుమీద నడుపుకొను గృహస్థునకు వలసినదియు నించుమించుగా నీ విద్యయే. కంపెనీవా రేనాడో చేయుట మానిన విడిభాగమును సంపాదించుట ధనముకంటె జ్ఞానముచేతనే యెక్కువగా సాధ్యమగుననియు, ఆ జ్ఞానము ప్రధానముగా బంధుత్వముల నెఱుగుటయే యనియు, 1977 నాటి షెవర్లే ఇంపాలాను ఉదాహరణముగా గైకొని విచారించినచో స్పష్టపడును.

1973 నాటి చమురుసంకటము తరువాత జనరల్ మోటార్స్ సంస్థ తన భారీ కార్లను కుదించి 1977లో వెలువరించిన ఇంపాలాయు, దాని యక్క యగు కాప్రీసును, ముందటేటి కార్లకన్న దాదాపు పది అంగుళములు పొట్టివై, వందలకొలది పౌనులు తేలికయ్యును, లోన కూర్చుండువారికి ఇఱుకు కలిగింపలేదు. ముందువెనుక ఇరుసుల నడిమి దూరము 116 అంగుళములు. ఈ మూలరచన మీదనే పాంటియాక్ కటలీనా, బ్యూక్ లెసాబర్, ఓల్డ్స్‌మొబైల్ 88 అను దాయాదులును పుట్టినవి. పేర్లును అలంకారములును వేఱైనను అడుగుభాగము చాలమట్టు కొకటే యగుటచేత, ఇంపాలా దొరకనిచోట లెసాబరును వెదకుట తెలిసినవాని లక్షణము. అంతియేకాక, 1996లో టెక్సాసునందలి ఆర్లింగ్టన్ కర్మాగారమున ఈ వంశపు కడపటి కారు వెలువడువఱకును ఛాసిస్ మూలరచన నిలిచియుండెను గాన, పెద్దలకు వలసిన సస్పెన్షన్ భాగములు కొన్ని పిన్నలయొద్దను దొరకును. పైరేకు సంగతి మాత్ర మట్లు కాదు. 1980లో దాని రూపు మార్చిరి గనుక ఆ యేటి బానెట్టు దీనికి పొసగదు.

బంధుత్వమును నమ్మి మోసపోవుటయు కలదు. 350 ఘనపుటంగుళముల ఇంజను షెవర్లేకును, ఓల్డ్స్‌మొబైలుకును, బ్యూకుకును, పాంటియాకుకును వేర్వేఱుగా నుండెను; కొలత యొకటే గాని పుట్టుక వేఱు. గేర్‌బాక్సు ఇంజనుతో కలియు ముఖమునందలి బోల్టుల అమరిక షెవర్లే కొకటి, తక్కిన మువ్వురకు వేఱొకటి. ఇట్లుండగా 1977లో ఓల్డ్స్‌మొబైల్ 88 కార్లు కొన్నింటికి షెవర్లే ఇంజనులు బిగించి యమ్మిన సంగతి బయటపడి, కొన్నవారు న్యాయస్థానముల కెక్కిరి. కాబట్టి బానెట్టుమీది పేరును నమ్మక, విండ్‌షీల్డు క్రింద డాష్‌బోర్డు మూలనున్న పదుమూ డక్షరముల సంఖ్యను చదువవలెను. అందు మొదటి యంకె యింటిపేరు, ఐదవ యక్షరము ఇంజను, ఆఱవది పుట్టిన యేడు. ఆ కారులో తరువాత నెవరైన ఇంజను మార్చియుండవచ్చును గనుక, ఇనుపపోతమీద నుబికియున్న సంఖ్యతోను సరిచూడవలెను. అయితే ఈ పోతసంఖ్యయు భాగసంఖ్యయు నొకటి కావు; ఒకే పోతను పలువిధముల దొలిచి పలుభాగములుగా జేయుట కర్మాగారములకు పరిపాటి.

ఇక వేట. పాతకార్ల యార్డులలో కొనువాడే రెంచి చేతబట్టి విప్పుకొనుట యాచారము. ఇచట దేశభూగోళము ఉపకరించును. మిషిగన్, ఒహాయో వంటి చలిరాష్ట్రములలో మంచును కరగించుటకై చల్లు ఉప్పు ఛాసిస్‌ను, డిక్కీ యడుగును, ఫెండర్ల క్రిందిభాగములను తినివేయును. అరిజోనా యెండలో ఇనుము చెక్కుచెదరక నిలుచును గాని డాష్‌బోర్డు బీటలువాఱి, సీటుగుడ్డ చీకిపోవును. కావున ఇనుమునకు ఎడారిని, లోపలి సొగసులకు ఉత్తరదేశమును ఆశ్రయించుట యుక్తము. విప్పుటకు ముందు ఫోటో తీసికొనుటయు, భాగముతోపాటు దాని బోల్టులను, క్లిప్పులను కలిపి తెచ్చుకొనుటయు నేర్పరుల పద్ధతి. ఏలయనగా భాగము దొరకి క్లిప్పు దొరకక నెలలు గడచుట కలదు.

ఏనాటిదో అమ్ముడుపోక పెట్టెలోనే మిగిలిన కంపెనీ సరుకు దొరకినపుడు సంతోషించుట సహజమే. లోహభాగమైనచో ఆ సంతోషము న్యాయము; రబ్బరైనచో కాదు. పెట్టె విప్పకపోయినను రబ్బరు ముదియుట మానదు. బుష్షులు, గొట్టములు, డోరు రబ్బర్లు ఇపుడు చేసినవే కొనదగును. ఆల్టర్నేటరు, స్టార్టరు వంటివానికి అంగడివాడు పాతదానిని మరల నిచ్చినగాని తిరిగియీయని బయానా పుచ్చుకొనును. కాని క్రొత్తది బిగించి, నడపి చూచువఱకు పాతదానిని చేయి విడువరాదు. పాతదాని బ్రాకెట్టే క్రొత్తదానికి వలసివచ్చిన సందర్భములు మెండు.

పోషణయందు ఈ కారు ఓర్పుగలది, కాని ఉపేక్షను సహింపదు. దీని కామ్‌షాఫ్టు చదునైన లిఫ్టర్లమీద ఒరయుచు తిరుగునట్టిది. నేటి ఇంజను ఆయిళ్లలో జింకు సమ్మేళనము తగ్గింపబడినందున, అది తగినంత గల ఆయిలునే పోయవలెను. నాలుగు కంఠముల క్వాడ్రాజెట్ కార్బురేటరు ముందరి రెండు చిన్నకంఠములతో పొదుపుగా నడచి, పెడలు నొక్కినపుడు వెనుకటి రెండు పెద్దకంఠములను తెఱచును. దాని పెట్రోలు గిన్నె యడుగు బిరడాలు కారజొచ్చినచో రాత్రి నిలిపిన కారు తెల్లవాఱి స్టార్టుకు మొఱాయించును. డిస్ట్రిబ్యూటరులోని ఎలక్ట్రానిక్ మాడ్యూలు వేడికి మాడిపోకుండ దాని క్రింద ఉష్ణవాహకమగు లేపనము పూయవలెను. దానిని మఱచి, క్రొత్త మాడ్యూలును నిందించువారు పెక్కురు. ముందుచక్రముల కీళ్లకు గ్రీజు నిపిళ్లున్నవి. అవి ఉన్నది గ్రీజు పెట్టుటకే గాని చూచుటకు గాదు.

ఇంత శ్రమ యేల యనవచ్చును. ఈ కారు పెట్రోలును త్రాగునదే. దానికి సమాధానము లేదు. కాని బానెట్టెత్తినచో ప్రతి భాగము కంటి కగపడి, చేతి కందును. చెడినది విప్పవచ్చును, విప్పినది గ్రహింపవచ్చును, గ్రహించినది మఱియొకనికి నేర్పవచ్చును. యంత్రముతో మనుష్యునకు గల యీ ముఖపరిచయమే దీని విలువ యని నా తలంపు.

యార్డునందు అనుభవజ్ఞులు పాటించు నీతి యొకటి కలదు. తనకు వలసిన టెయిల్‌ల్యాంపును తీసికొనువాడు, ప్రక్కనున్న నికెలు పట్టీ అడ్డువచ్చినను దానిని పెఱికి పాఱవేయక, మెల్లగా విప్పి, సీటుమీద పెట్టి పోవును. ఆ పట్టీ తనకు అక్కఱలేదు. ఏ కటలీనావాడో, ఏ లెసాబరువాడో రేపు దానికై వచ్చునేమో. ఎవరో ముక్కుమొగము నెఱుగనివాడు నిన్న అట్లే విప్పి పెట్టిపోయినందుననే గదా, నేడు తన చేతి కీ ల్యాంపు పగులక చిక్కినది.