గ్రహాలకూ కులముంది

గ్రహశాంతి చేయించే పురోహితుడు శనిని పాపగ్రహమంటాడు. ఆ పాపం ఎక్కడిదో చెప్పడు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు 'బృహజ్జాతకం'లో సూర్యచంద్రుల్ని రాజులన్నాడు, కుజుణ్ణి సేనాని అన్నాడు, గురుశుక్రుల్ని మంత్రులన్నాడు, శనిని సేవకుడన్నాడు. అంతటితో ఆగలేదు. గురుశుక్రుల్ని బ్రాహ్మణులకు, శనిని అంత్యజులకు అధిపతుల్ని చేశాడు. నేలమీది భూస్వామ్య వ్యవస్థ ఆకాశానికెక్కి, అక్కణ్ణుంచి దైవశాసనంగా మళ్ళీ మన నెత్తిన దిగిందన్నమాట.

1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో శివకేశవుల సరసన సూర్యుడికి గర్భగుడి ఉంది. నవగ్రహ మండపంలోనూ నడుమ స్థానం సూర్యుడిదే. శనిది పడమటి అంచు. అతనికి దక్కేది నల్లనువ్వులూ, నూనే, భయమూ.

ఈ భయం ఎవరికి పనికొస్తుంది? 1997-98లో వరంగల్ పత్తిరైతుల్ని బలిగొన్నది ఏలినాటి శని కాదు. లద్దెపురుగు, దానిమీద పనిచేయని మందులు, వడ్డీవ్యాపారి అప్పులు. ఏడున్నరేళ్ళు గ్రహానికి లెక్కకట్టేవాడు వడ్డీ లెక్క అడగడు.

1910లో హేలీ తోకచుక్కను లోకం అరిష్టమంటుంటే, గురజాడ 'ముత్యాల సరములు'లో దాన్ని భూమికి చుట్టాన్ని చేశాడు, సంస్కరణకు గుర్తును చేశాడు. ఆకాశాన్ని భయం నుంచి విడిపించిన కవిత్వమది.

ఆ వారసత్వం చెప్పుకునే మన కథల్లో 'శని పట్టింది', 'శనిగాడు' అన్న మాటలు ఇంకా అలవోకగా దొర్లుతున్నాయి. పాత్ర నోట వస్తే అది వాస్తవికత. కథకుడి నోట వస్తే సేవకుణ్ణే దోషిని చేసే పాత భావజాలం. ఈ తేడాను పట్టిచూపడం అభ్యుదయ విమర్శ బాధ్యత.