అరచేతిలో లావెక్కే కొవ్వొత్తి

జపాన్‌లోని షికోకు దీవిలో ఉచికో అనే చిన్న ఊరుంది. 19వ శతాబ్దంలో మైనం వ్యాపారంతో బాగుపడ్డ ఊరు. హగా అనే మైనం వర్తకుల పాత భవనాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారు. వాళ్లు అమ్మిన మైనం తేనెపట్టులోది కాదు, హజె అనే చెట్టు కాయల్లోది.

హజె మన మామిడి, జీడిమామిడి కుటుంబంలోదే. జీడి సొనలాగే దీని పాలు తగిలినా ఒళ్లు పొక్కుతుంది. గుత్తులుగా కాసే చిన్న కాయలను దంచి, ఆవిరి పట్టించి, పిండితే పచ్చని ఛాయలో మైనం దిగుతుంది. ఎండలో పదే పదే ఆరబెడితే తెల్లబడుతుంది. రసాయనికంగా చూస్తే ఇది గడ్డకట్టిన కొవ్వే. తేనెమైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. ఇది 50కి కాస్త అటూ ఇటూగానే కరుగుతుంది. పైగా జిగట, సాగే గుణం. ఉచికో పనివాళ్ల నేర్పంతా ఈ గుణం మీదే నిలబడింది.

ముందు వత్తి. సన్నటి పుల్లకు చేత్తో చేసిన కాగితం చుట్టి, దానిమీద తతామీ చాపలల్లే గడ్డి లోపలి బెండును దారంలా చుడతారు. ఊడిపోకుండా పైన కాస్త పట్టు పీచు. తర్వాత పనివాడు కొన్ని పుల్లలను కుడిచేత్తో దొర్లిస్తూ, ఎడమ అరచేత్తో గోరువెచ్చని మైనాన్ని తీసి వాటికి పూస్తాడు. ఆరనిచ్చి మళ్లీ పూత, మళ్లీ ఆరబెట్టడం. మైనం మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, పూత నిలవదు. చల్లారితే గడ్డలు కడుతుంది. థర్మామీటరు అక్కర్లేదు, అరచెయ్యే చెబుతుంది. చివర్లో వేడి కత్తితో కొన కోసి వత్తిని బయటపెట్టి, పుల్ల లాగేస్తారు. అడ్డంగా కోస్తే మాను మొద్దులో కనిపించేలాంటి వలయాలు.

పుల్ల తీసిన చోట వత్తి బోలుగా ఉంటుంది. అందులోంచి గాలి పైకి ఎక్కుతుంది కాబట్టి మంట పెద్దది. గాలి వీచకపోయినా ఊగుతుంది. చిక్కల్లా మాడిన వత్తి పూర్తిగా కాలిపోదు. మధ్యమధ్యలో కత్తెరతో కొన కత్తిరించాలి. ఐరోపాలో 1820లలో జడలా అల్లిన నూలు వత్తి వచ్చి ఈ తద్దినం తప్పించింది: అది కాలుతూ పక్కకు వంగి, మంట అంచున బూడిదైపోతుంది. అయినా జపాన్‌లో ఇళ్లలో బుద్ధుడి మందిరాలున్నవాళ్లు కొందరు హజె కొవ్వొత్తినే కోరుకుంటారు. దాని మసి తక్కువ, బంగారు రేకుల మీద పడ్డా తుడిస్తే పోతుందని వాళ్ల మాట.

మైనం మారితే పనితనమూ మారాలి. తేనెమైనం అచ్చుకు అంటుకుని ఓ పట్టాన ఊడిరాదు. అందుకే ఐరోపా పనివాళ్లు వేలాడదీసిన వత్తుల మీద గరిటెతో పోసి, బల్లమీద దొర్లించి నునుపు చేసేవారు. పశువుల కొవ్వు చవకే, కానీ కంపు, పొగ. 19వ శతాబ్దంలో వచ్చిన పారఫిన్ ముడిచమురు శుద్ధిలో దొరుకుతుంది. చల్లారితే కుదించుకుని అచ్చులోంచి జారి వస్తుంది. యంత్రానికి అంతకన్నా ఏం కావాలి? మన కిరాణా కొట్లో దొరికేవి ఎక్కువగా ఈ రకమే. ఈమధ్య గాజు సీసాల్లో అమ్మే సోయా మైనం మెత్తనిది. సీసా అందానికే అనుకుంటాం గానీ, దాని ఆసరా లేకపోతే చాలావాటికి నిలబడే సత్తువ ఉండదు.

హజె కాయలు కోసేవాళ్లు తగ్గడంతో జపాన్ తయారీదారుల్లో కొందరు తవుడు మైనం వైపు మళ్లారు. అది 75 డిగ్రీలు దాటితేగానీ కరగదు కాబట్టి చేతిపూతకు లొంగదు, అచ్చుల్లో పోయాల్సిందే. తెలుగు జిల్లాల్లో తవుడు నూనె మిల్లులకు ఈ మైనం కొత్తేమీ కాదు. నూనె మబ్బుగా కనబడకుండా శుద్ధిచేసేటప్పుడు చల్లబరిచి, వడగట్టి, పక్కకు తీసేసేది దీన్నే.