ఇండోర్ ఆటల ఫొటో: చెరిగినదంతా లోపమేనా?

విజయవాడ దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియంలో పిల్లల బ్యాడ్మింటన్ పోటీలు జరిగితే, మర్నాడు జిల్లా పేజీ తెరిచి చూడండి. కప్పు పట్టుకున్న పిల్లలు, వెనక అతిథులు, అందరి ముఖాల మీదా ఫ్లాష్ వెలుగు. ఆట ఎక్కడ? ఎవరూ తీయలేదని కాదు. మసకగా వచ్చిందని పక్కన పెట్టి ఉంటారు. ఆ పక్కన పెట్టిన ఫొటోను ఎలా అంచనా వేయాలన్నదే ఈ భాగంలో మన ప్రశ్న.

లోపం ఫొటోగ్రాఫర్‌దా, వెలుతురుదా తేల్చాలంటే విమర్శకుడికి కొంత లెక్క తెలియాలి. ఆట జరుగుతుండగా ఫ్లాష్ వాడనివ్వరు. ఆడేవారి కళ్లు చెదురుతాయి. హాలు దీపాలే దిక్కు. సెకనులో 100వ వంతు సేపు షట్టర్ తెరిస్తే వెలుతురు సరిపోయే చోట, పరుగెత్తే మనిషిని నిలపడానికి 1000వ వంతు కావాలి. అంటే వెలుతురు పదో వంతుకు పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఐఎస్ఓను 400 నుంచి 4000కు పెంచితే, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. మరో చిక్కు కరెంటుది. మన 50 హెర్ట్జ్ సరఫరా మీద పాత ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, వేగమైన షట్టర్‌కు తెలుస్తుంది. వరసగా తీసిన మూడు ఫొటోల్లో ఒకటి చీకటిగా, ఒకటి రంగు మారి వస్తే ఫొటోగ్రాఫర్‌ను తప్పు పట్టకండి.

పోనీ, 1000వ వంతుతో అన్నీ ఆగుతాయా? 2023లో అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డులకెక్కింది. ఆ వేగంతో షటిల్ సెకనులో 1000వ వంతులోనే దాదాపు 16 సెంటీమీటర్లు పోతుంది; తన పొడవు కంటే ఎక్కువ. షటిల్ తెల్లగీతగా పడిందని మార్కులు తగ్గించేవారు ఆటను సరిగా చూడలేదన్నమాట.

చూడవలసింది ముఖం, పాదాలు. స్మాష్ కోసం ఎగిరిన మనిషి అన్నిటికంటే ఎత్తున ఉన్నప్పుడు ఒక్క క్షణం పైకీ కిందికీ కదలదు. ఆట తెలిసిన ఫొటోగ్రాఫర్ అక్కడ కాచుకుంటాడు. 500వ వంతుతోనే ముఖం నిలుస్తుంది, చేయి మాత్రం చెరుగుతుంది. ఆ చెరుపులోనే దెబ్బ బలం కనిపిస్తుంది. ఈ స్టేడియానికి పేరిచ్చిన రాజగోపాలరావు గారు వెయిట్‌లిఫ్టర్. ఆ ఆటలో బరువెత్తి, రిఫరీ సంజ్ఞ చేసేదాకా కదలకుండా నిలబడాలి కనుక ఫొటోగ్రాఫర్‌కు నియమమే సాయపడుతుంది. బ్యాడ్మింటన్‌లో, కబడ్డీలో అంత దయ లేదు.

అలాగని చెరిగిన ప్రతిదీ కళ కాదు. 1950లలో ఎర్న్‌స్ట్ హాస్ ఎద్దుల పోరాటాలను రంగుల మరకలుగా తీశాడని ఉదాహరణ చూపుతారు. ఆయన దాన్ని కోరి ఎంచుకున్నాడు. ముఖమూ పాదాలూ కూడా కరిగిపోయిన ఫొటోను నేను ఒప్పుకోను. నాయిస్ తుడవబోయి ముఖాన్ని మైనపు బొమ్మ చేసినదాన్ని అసలే ఒప్పుకోను. దానికంటే ఆ ఇసుకే నయం.

గుడివాడ నుంచో మచిలీపట్నం నుంచో వచ్చి రెండో రౌండులో ఓడిన అమ్మాయికి కప్పు ఫొటో ఉండదు. ఆమె ఎలా ఆడేదో చెప్పడానికి మిగిలేది, సబ్ ఎడిటర్ పక్కన పెట్టిన ఆ మసక ఫొటో ఒక్కటే.

అభ్యాసం: మీ ఊరి ఇండోర్ పోటీల ఫొటో ఒకటి సంపాదించండి. అందులో ఏది నిలిచింది, ఏది చెరిగింది, ఎందుకు? ఒక పేజీ రాయండి. షటిల్ గురించి చివర రాయండి.