మేడ మీది మీడియా రూమ్

కాపెల్‌లో తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళితే చెయ్యి కడుక్కున్నాక మెట్లెక్కాల్సిందే. మేడ మీది మీడియా రూమ్ చూపించనిదే వదలరు. డాలస్ శివారులో, డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయానికి ఉత్తరాన ఉన్న ఈ ఊళ్ళో అలాంటి గదులు చాలానే చూశాను. వాటిలో ఒక మిత్రుడు దగ్గరుండి కట్టించుకున్న గది మనసులో నిలిచిపోయింది. అందులో స్పీకర్లు మామూలువే. పనితనమంతా గోడల్లో ఉంది.

బిల్డర్ ప్లాన్‌లో ఆ గది 18 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. చూడ్డానికి ముచ్చటైన చదరం. ధ్వనికి మాత్రం అంతకంటే చెడ్డ కొలత దొరకడం కష్టం. ధ్వని సెకనుకు దాదాపు 1,130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న అల వాటి మధ్య చిక్కుకుని ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. 18 అడుగులకు అది 31 హెర్ట్జ్. పొడవూ వెడల్పూ ఒకటే కనుక రెండు వైపులా అదే. దానికి రెట్టింపు 63, తొమ్మిదడుగుల కప్పు ఇచ్చేదీ 63. మూడు దిక్కులూ ఒకే స్వరం పట్టుకుంటే సినిమాలో పిడుగు పడినా లారీ వచ్చినా ఒకటే హోరు.

ఫ్రేమింగ్ మొదలవకముందే ఆయన ఒక గోడను రెండడుగులు బయటికి, ఇంకోదాన్ని నాలుగడుగులు లోపలికి జరిపించారు. ఇప్పుడు కొలతలు 20, 14, 9. స్వరాలు 28, 40, 56, 63, 81 హెర్ట్జ్‌ల దగ్గర, ఒకదానిమీద ఒకటి పడకుండా విడివిడిగా సర్దుకున్నాయి. తగ్గిన నాలుగడుగులూ పక్క బెడ్‌రూమ్‌కి క్లోజెట్‌గా పోయాయి. ఆ గదిలో అన్నిటికంటే గొప్ప పని ఇదే, పైగా కంటికి కనబడదు.

సోఫా స్థానమూ అంతే ఆలోచించి పెట్టినది. నట్టనడుమ వేస్తే 28 హెర్ట్జ్ అక్కడ దాదాపు వినబడదు. వెనక గోడకి ఆనిస్తే బేస్ అంతా ముద్దవుతుంది. అందుకే తెర గోడకి పన్నెండున్నర అడుగుల దూరంలో వేశారు. సబ్‌వూఫర్లు రెండు, ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి. పొడవు వైపు మొదటి అలను అవి రెండూ చెరోవైపు నుంచి లాగి చల్లారుస్తాయి. వెడల్పు వైపు మొదటి అలకు గది నడిమి గీత మీద బలమే ఉండదు కాబట్టి అది లేవనే లేవదు.

మన హైదరాబాద్ ఇళ్ళ సంగతి వేరు. ఇటుక గోడా కాంక్రీటు స్లాబూ బేస్‌ని మింగవు, తిరిగి మన మీదికే విసురుతాయి. టెక్సస్ ఇంట్లో చెక్క స్టడ్ల మీద అరంగుళం జిప్సమ్ బోర్డు బిగిస్తారు. అది కొంచెం ఊగుతుంది, ఆ ఊగడంలో బేస్ కొంత కరుగుతుంది. అయితే ఆ సన్నపు గోడలోంచే విమానాల మోత లోపలికొస్తుంది, సినిమా మోత పిల్లల గదికి పోతుంది. ఆయన బోర్డు రెండు పొరలు వేయించి, నడుమ కదలికను చంపే జిగురు పూయించి, బరువైన తలుపు పెట్టించారు.

పక్క గోడల మీద ధ్వనిని పీల్చే పలకలు ఎక్కడ పెట్టాలో అద్దంతో తేల్చారు. ఆయన సోఫాలో కూర్చుంటే భార్య గోడవెంట అద్దం జరుపుతూ పోయారట. స్పీకర్ అద్దంలో కనబడిన చోటే గుడ్డ చుట్టిన ఫైబర్‌గ్లాస్ పలక వచ్చింది. మిగతా గోడ ఖాళీ. ఈ నిగ్రహం నాకు మరీ నచ్చింది. గదంతా మెత్తలు కప్పేస్తే మాట పొడిబారిపోతుంది.

మెత్తల లెక్క పాతదే. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్, మాట అర్థం కాని ఒక లెక్చర్ హాలును బాగుచేయడానికి, రాత్రుళ్ళు పక్క థియేటర్ నుంచి సీటు మెత్తలు మోయించి, ఎన్ని పరిస్తే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచారు. గది పరిమాణం పెరిగితే ప్రతిధ్వని సాగుతుందని, పీల్చే వస్తువు పెరిగితే కుదించుకుపోతుందని ఆయన పనిలోనే తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకు ఆధారం ఆ లెక్కలే.

ఆఖరున ‘ఆర్ఆర్ఆర్’లో ‘నాటు నాటు’ పెట్టారు. దరువు ఆగినచోట గది కూడా ఆగింది.

కొత్తిల్లు కట్టించుకునేవాళ్ళకి నా విన్నపం: స్పీకర్ల ధరలు చూడకముందే, గోడలు లేవకముందే, ప్లాన్‌లో ఆ గది కొలతలు మూడూ ఒకసారి లెక్కగట్టి చూడండి.