వేలూరు కోటలో తలపాగా, తలముసుగు

వేలూరు కోటను గూర్చి ఆంగ్లమున వెలసిన రచనలలో హెన్రీ న్యూబోల్టు వ్రాసిన 'గిలెస్పీ' గీతము ప్రసిద్ధమైనది. ఆర్కాటునుండి గుఱ్ఱముపై వచ్చి 1806 జూలై 10వ తేదీన కోటను మరల వశము చేసికొన్న సేనానియే అందు నాయకుడు. గీతమున పరుగున్నది, లయ యున్నది, పౌరుషమున్నది. లేనిది తలపాగా యొక్కటే. సిపాయి ఎందుకు తిరుగబడెనను ప్రశ్న జోలికి కవి పోలేదు. ఆ గీతమును మాత్రమే చదివి కోటను చూడవచ్చినవానికి సిపాయీలు పుట్టుకతోనే ద్రోహులని తోచును. ఇది చరిత్రలోపము మాత్రమే గాక కావ్యదోషమని కూడ మా అభిప్రాయము. ఎదుటివానికి కారణము లేనపుడు నాయకుని సాహసమునకు బరువు రాదు గదా!

కారణము చరిత్రలో స్పష్టముగనే యున్నది. 1805 నవంబరులో మద్రాసు సేనాపతి సర్ జాన్ క్రాడక్ క్రొత్త తలపాగాను ప్రవేశపెట్టెను. దాని వెంట వచ్చిన నిబంధనలనుబట్టి సైనికవేషమున నుండగా నామమో విభూతియో నుదుట కనబడరాదు; చెవిపోగులుండరాదు; గడ్డము గొరిగింపవలెను; మీసములు సైతము ఒకే తీరున నుండవలెను. తలపాగా దొరటోపీని పోలియుండెను. దానికి తోలు తురాయి యొకటి. ఆ తోలు గోవుదో పందిదో యను వదంతి హిందువును ముసల్మానును ఏకకాలమున కలవరపెట్టినది. 1806 మే నెలలో దానిని ధరింప నిరాకరించినవారిలో ఇద్దఱికి 900 కొరడాదెబ్బల చొప్పున శిక్ష విధించిరి. వారిలో ఒకడు హిందువు, ఒకడు ముసల్మాను. రెండు మాసములు గడచునంతలో కోట రక్తసిక్తమయ్యెను. వందకు పైగా ఆంగ్లసైనికులు, అంతకు మించి సిపాయీలు మడిసిరి. కోటలో నిర్బంధమున నున్న టిప్పుసుల్తాను కుమారుల హస్తమెంత యను చర్చ కలదు. విచారణ సంఘము వారి ఉనికిని, దుస్తుల నిబంధనలను రెంటిని కారణములుగా పేర్కొన్నది. హైదరాబాదులోని కంపెనీ సైన్యమునను అవే ఆజ్ఞలు అలజడి రేపెను. అచట వానిని ఉపసంహరింపగా చల్లారెను. 1807లో క్రాడక్‌ను, గవర్నరు బెంటింకును ఇంగ్లండునకు వెనుకకు పిలిపించిరి. (ఉత్తరదేశమున సిపాయిని 'తిలంగా' యనుట తెలుగువారి పేరుమీద వచ్చిన వాడుక. ఈ కథ మనకు పరాయిది కాదు.)

ఇక చిక్కు ప్రశ్న. చెవిపోగు ఏ శాస్త్రమున విధింపబడినది? 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున, అదియు ఈ మద్రాసు రాష్ట్రపు వ్యాజ్యమే, మతమునకు అత్యావశ్యకమైన ఆచారమేదో ఆ మత సిద్ధాంతములనుబట్టియే తెలియవలెనని సుప్రీంకోర్టు చెప్పినది. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు హిజాబు అట్టి ఆచారము కాదన్నది. అదే యేడు అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తు లిరువురు చెఱొకవైపు నిలిచిరి. ఈ గీటురాయిపై పెట్టినచో 1806 నాటి సిపాయి ఓడియే యుండును. వానిని బాధించినది శ్లోకము తప్పుట గాదు. టోపీవానిగా మారి తనవారిలో వెలియగుదునను భయము. కావున గ్రంథమును ప్రశ్నించుటకంటె, ఆజ్ఞాపించువాడెవడు, ధరించువానికి కలుగు నష్టమేమి యని అడుగుట మేలని మాకు తోచుచున్నది. నుదుటి కులచిహ్నము పవిత్రమని మేమనము. అది హెచ్చుతగ్గుల గుర్తు కూడ. అయినను దానిని తుడుచుకొనవలసిన చేయి ధరించినవానిదే గాని దొరది గాదు.

ఆజ్ఞాపించువాడు దొరయే కానక్కఱలేదు. 2023 మార్చి నెలాఖరున, ఇదే కోటలో, మిత్రునితో చూడవచ్చిన ఒక యువతిని కొందఱు అడ్డగించి హిజాబు తీయుమని నిర్బంధించి, దానిని చిత్రీకరించి ప్రచారము చేసిరి. పోలీసువారు ఏడుగురిని నిర్బంధములోనికి తీసికొనిరి. వారిలో ఒకడు మైనరు. వీరికి ఉద్యోగము లేదు, ఉత్తరువు లేదు. ఆడుది ఎవరితో వచ్చినదను ఆరాయు, ఆమె తలపై నున్న దేమను ఆరాయు అచట ఒక్కటైపోయినవి. సిపాయికి పటాలము తోడుండెను, చేత తుపాకి యుండెను. ఆ యువతి ఎదుట నున్నవి ఫోనులు. కొరడాదెబ్బ పడిన నాటితో పోవును. ఆ దృశ్యము చేతులు మారుచు తిరుగుచుండును.

గుడియాత్తమువారికి ఈ సంగతి క్రొత్త గాదు. తమిళ వైకాసి మాసారంభమున అచట గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును. మనస్సు క్షణము చలించినదను నెపమున భర్త ఆజ్ఞపై కుమారుడు తల నఱికిన రేణుక కథ దాని మూలము. పౌరాణికులు దీనిని పాతివ్రత్యబోధగా చెప్పుచుందురు. ఆ వ్యాఖ్య మాకు రుచింపదు. ఊరేగింపును చూచినవారెవరికైనను తెలియును. వీథివీథిని కొబ్బరికాయలు కొట్టి జనము మ్రొక్కునది పరశురామునికి గాదు, జమదగ్నికి గాదు. నఱకబడిన ఆ శిరస్సునకు. ఆ శిరస్సును గుడివఱకు మోసికొనిపోయి, మొండెమునకు చేర్చి, అమ్మవారిగా నిలిపిన తరువాతనే దర్శనము.